గాలికి ఇన్ని పేర్లు ఎవరు పెట్టిండ్రు? కోరంగి నుంచి కథలాపూర్ దాకా



పోటీ పరీక్షలకు చదువుతున్న తమ్ముళ్లు ఈ మధ్య ఒక ప్రశ్న ఎక్కువ అడుగుతున్నరు. విండ్, బ్రీజ్, గేల్, గస్ట్, స్టార్మ్, సైక్లోన్, హరికేన్ అన్నీ గాలులే కదా, ఏది ఎక్కడ వాడాలె అని. ఇంగ్లీషు పేపర్ల దీని మీద ఒకటో రెండో మార్కులు ఉంటయి. మొదలు ఆ తేడా వరకే రాద్దామనుకున్న. లైబ్రరీల కూసొని ఒక్కొక్క మాట ఎక్కడ పుట్టిందో చూసుకుంట పోతే, అది వ్యాకరణం దాటి చరిత్రలకు పోయింది. అందుకే పోస్టు పొడుగైంది. ఓపికతో చదవండి, గ్రామర్ కూడా ఇందులనే ఉన్నది.

ముందు మన మాట చూద్దాం. తెలుగుల గాలి అంటే ఒక్కటే మాట. సైకిల్ టైర్ల ఉన్నది గాలే, చెట్లను ఊపేది గాలే, కడుపుల తిరిగేది కూడా గాలే. ఇంగ్లీషోడు దీన్ని రెండుగ చీల్చిండు. కదలకుండ ఉంటే ఎయిర్, కదిలితే విండ్. టైర్ల ఉన్నది ఎయిర్. గుట్ట మీద మొఖానికి కొట్టేది విండ్. అందుకే ఫ్రెష్ ఎయిర్ పీల్చుకుంటరు గానీ ఫ్రెష్ విండ్ పీల్చుకోరు. కడుపుల గాలిని మాత్రం బ్రిటిష్ ఇంగ్లీషుల విండ్ అనే అంటరు. అది కదుల్తది కాబట్టి అనుకుంటే నవ్వొచ్చినా గుర్తుంటది.

విండ్ మీద ఇంకో తిరకాసు ఉన్నది. అవే నాలుగు అక్షరాలను వైండ్ అని పలికితే అది వేరే క్రియ. గడియారానికి కీ ఇచ్చుడు, దారం చుట్టుడు. దాని భూతకాలం వౌండ్. ఆ వౌండ్ అక్షరాలనే వూండ్ అని పలికితే గాయం. విండ్, వైండ్ రెండూ వేరు వేరు మూలాల నుంచి వచ్చి, రాతల మాత్రం ఒక్కతీరు అయినయి.

ఇప్పుడు మెట్లు. బ్రీజ్ మెల్లగ వీచేది, గేల్ గట్టిగ వీచేది అని గైడ్ల రాస్తరు. ఎంత మెల్లగ, ఎంత గట్టిగ? దానికి కొలత ఉన్నది. బ్రిటిష్ నౌకాదళంల ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ అనే అధికారి 1805ల గాలిని మెట్లు మెట్లుగ రాసుకున్నడు. అప్పుడు దాంట్ల కిలోమీటర్ల లెక్క లేదు. ఏ గాలికి ఓడ మీద ఎన్ని తెరచాపలు ఉంచొచ్చు, ఎన్ని దించాలె అన్నదే లెక్క. 1838ల నౌకాదళం దాన్ని అధికారికంగా తీసుకున్నది. వేగం అంకెలు తర్వాత కలిపిండ్రు. సున్నా నుంచి 12 దాకా మెట్లు. ఇప్పటి లెక్కల గంటకు 6 నుంచి 49 కిలోమీటర్ల దాకా అన్నీ బ్రీజ్‌లే, అందుల లైట్, జెంటిల్, మోడరేట్, ఫ్రెష్, స్ట్రాంగ్ అని అయిదు రకాలు. 62 దాటితే గేల్. 89 దాటితే స్టార్మ్. 118 దాటితే హరికేన్.

దీంట్ల గమనించాల్సింది, బ్రీజ్ అంటే పిల్లగాలి ఒక్కటే కాదు. 45 కిలోమీటర్ల వేగంతో వచ్చే గాలికి కూడా పుస్తకంల పేరు స్ట్రాంగ్ బ్రీజే. ఆ గాలికి గొడుగు పట్టుకొని నడుసుడు కష్టం. ఓడ నడిపెటోడికి అది ఇంకా బ్రీజే. కాబట్టి ఈ మాటలు ఇంట్ల కూసున్నోడు పెట్టినవి కావు, తెరచాప తాడు పట్టుకున్నోడు పెట్టినవి.

గస్ట్ ఈ మెట్లల్ల ఉండది. గస్ట్ అంటే ఒక్కసారి విసురుగ వచ్చి పోయేది, మన దగ్గర గాలి ఒక్క ఊపు వచ్చింది అంటం కదా, అది. అందుకే ఎ గస్ట్ ఆఫ్ విండ్ అని విండ్‌ను ఎన్క పెట్టి రాస్తరు. తలుపు సందులకెల్లి వచ్చే సన్న గాలి డ్రాఫ్ట్. ఎండకాలం బీట్ల దుమ్మును సుట్టుకుంట లేసే సుడిగాలి డస్ట్ డెవిల్. డెవిల్ అంటే దయ్యం. మా తండాల ముసలోళ్లు కూడా దాన్ని దయ్యం గాలి అనే అంటరు. రెండు భాషలోళ్లు మాట్లాడుకోకుండనే ఒక్క పేరు పెట్టిండ్రు.

ఇగ పుట్టుక దగ్గరికి వద్దాం. విండ్ అనే మాట ఇంగ్లీషుకు చానా పాతది. సంస్కృతంల వాత అనే మాటకు అది దూరపు చుట్టం, రెండూ ఒక్క వేరు నుంచి వచ్చినయి. ఆ వాత అనేదే మన వాతావరణంల ఉన్నది, మోకాళ్ల నొప్పులకు వాతం అంటరే, అందుల ఉన్నది. విండ్ నుంచే విన్నో అనే క్రియ వచ్చింది. విన్నో అంటే వడ్లు తూర్పార పట్టుడు. కోత మిషన్లు రాకముందు కల్లంల ఎత్తు మీద నిలబడి, చాట పైకి లేపి, గాలి ఎటు వస్తున్నదో చూసి వడ్లు జార్చెటోళ్లు. గట్టి గింజ కింద పడ్తది, తాలు దూరం పోతది. మా యాడి ఇప్పటికీ పెసర్లు, కందులు అట్లనే చేస్తది. మనం మనిషిని తిట్టి వదిలిపెడితే తూర్పారబట్టిండు అంటం. ఇంగ్లీషుల మంచిని చెడ్డను వేరు చేసుడుకు విన్నో అంటరు. విండో అనే మాట కూడా గాలిదే. ఉత్తర ఐరోపా పాత నార్స్ భాషల దాని అర్థం గాలి కన్ను. మన పుస్తకాలల్ల కిటికీని గవాక్షం అంటరు, అందుల అక్షం అంటే కన్నే.

మిగిలిన మాటలు మాత్రం ఎక్కువ శాతం అప్పు తెచ్చుకున్నవి. గస్ట్ ఉత్తర ఐరోపా భాషల నుంచి వచ్చింది. బ్రీజ్ స్పెయిన్, పోర్చుగల్ నావికుల బ్రిస నుంచి వచ్చింది, వాళ్లకు అది ఈశాన్య గాలి పేరు. మాన్సూన్ అరబ్బీ మవ్‌సిమ్. అరబ్బు వ్యాపారులు ఓడల మీద వచ్చే కాలాన్ని అట్ల అన్నరు, పోర్చుగీసు వాళ్ల నోట్ల నుంచి అది ఇంగ్లీషుకు పోయింది. మనం ఈ రోజు మౌసం మంచిగుంది అంటున్నమే, అదే మాట. అంటే మాన్సూన్‌కు అసలు అర్థం వాన కాదు, కాలం. వానను తెచ్చే గాలి కాలం. మన తెలుగుల రుతుపవనాలు అంటరు, రుతువు అంటే కాలం, పవనం అంటే గాలి. అర్థం సరిగ్గ సరిపోయింది. తుఫాను మనకు ఉర్దూ, హిందీల నుంచి వచ్చింది. ఇంగ్లీషు టైఫూన్‌ల కూడా అదే అరబ్బీ, పారసీ తూఫాన్ ఉన్నది, దాంట్ల చైనా భాషల పెద్దగాలి అనే మాట కూడా కలిసిందని భాషా పండితులు చెప్తరు.

హరికేన్ దగ్గర మనం కొంచెం ఆగాలె. ఈ మాట ఇంగ్లీషుది కాదు, స్పానిష్‌ది కూడా కాదు. కరీబియన్ దీవులల్ల ఉన్న తైనో అనే ఆదివాసులది. 1492ల కొలంబస్ దిగింది వాళ్ల గడ్డ మీదనే. వాళ్లు పెనుగాలిని హురకాన్ అన్నరు. స్పానిష్ వాళ్లు ఆ మాట తీసుకున్నరు, వాళ్ల దగ్గర నుంచి ఇంగ్లీషోళ్లు తీసుకున్నరు. తైనోల ఊయల హామక్ అయ్యింది, తైనోల పడవ కనూ అయ్యింది. మాటలు తీసుకున్నరు, బంగారం తీసుకున్నరు, భూమి తీసుకున్నరు. వెట్టిచాకిరి, కొట్లాటలు, కొత్త రోగాలతోని కొన్ని పదుల ఏండ్లల్లనే తైనోలల్ల ఎక్కువ మంది చచ్చిపోయిండ్రు. ఈ రోజు వాళ్ల వారసులు ఉన్నరు గానీ, ఆ భాష ఇంట్ల మాట్లాడెటోళ్లు లేరు. ప్రతి ఏడు టీవీల హరికేన్ అనే మాట వేల సార్లు వినబడ్తది. అది ఒక ఆదివాసీ భాష మాట అని చెప్పెటోళ్లు తక్కువ.

సైక్లోన్ కథ మన తెలుగు గడ్డది. కాకినాడ పక్కన, గోదావరి సముద్రంల కలిసే కాడ కోరంగి అనే ఊరు ఉన్నది. ఇప్పుడు మడ అడవులు చూడనీకె పోతరు. ఒకప్పుడు అది ఓడలు కట్టే, ఓడలు బాగు చేసే పెద్ద రేవు. 1789 డిసెంబర్‌ల తుఫాను వచ్చి, సముద్రం మూడు పెద్ద అలలుగ ఒకదాని ఎన్క ఒకటి ఊరు మీద పడ్డది. 20 వేల మంది పోయిండ్రని రాసిండ్రు. మళ్లీ 1839 నవంబర్ 25న ఇంకోటి వచ్చింది. 40 అడుగుల ఉప్పెన, 3 లక్షల మంది అని చానా పుస్తకాలల్ల కనబడ్తది. మన దేశంల మొదటి జనాభా లెక్కలు 1872ల గానీ జరగలేదు, కాబట్టి ఆ అంకెను అంచనాగనే చూడాలె. రేవు మాత్రం మళ్ల మునుపటి లెక్క లేవలేదు.

ఆ కాలంల కలకత్తాల హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఉండె. ముందు ఓడ కెప్టెన్, తర్వాత ఓడ ప్రమాదాల మీద విచారణ చేసే కోర్టుల పెద్ద. తుఫానుల ఇరుక్కొని బయటపడ్డ ఓడల లాగ్ పుస్తకాలు జమ చేసిండు. ఏ గంటకు గాలి ఏ దిక్కు నుంచి వచ్చింది, ఎంత గట్టిగ వచ్చింది అన్నది ప్రతి ఓడల రాసి ఉంటది కదా. అవన్నీ ఒక్క పటం మీద పెడితే గాలి గుండ్రంగ తిరుగుతున్నదని, నడుమ ఖాళీ ఉన్నదని కనబడ్డది. మన బంగాళాఖాతంల గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగ తిరుగుతది. 1839 కోరంగి తుఫాను మీద కూడా ఆయన పరిశోధన పత్రం రాసిండు. 1848ల నావికుల కోసం ఒక పుస్తకం వేసి, గుండ్రంగ తిరిగే ఇసొంటి గాలులకు సైక్లోన్ అని పేరు పెట్టిండు. అది గ్రీకు మాట. పాము సుట్టలు సుట్టుకున్నట్టు అని దాని భావం. 1789ల కోరంగిని ముంచిన ఆ మూడు అలల సంగతి కూడా ఆ పుస్తకంల ఉన్నది.

అంటే ప్రపంచం అంతా వాడుతున్న సైక్లోన్ అనే మాట ఎన్క ఉన్నది మన బంగాళాఖాతం, మన కోరంగి జనం సావు. పిడింగ్టన్ 1853ల గవర్నర్ జనరల్ డల్హౌసీకి ఉత్తరం రాసిండు, మాట్లా నది మీద కొత్త రేవు కట్టకుండ్రి, ఉప్పెన వస్తే మునుగుతది అని. వినలేదు. క్యానింగ్ రేవు కట్టిండ్రు. 1867 తుఫానుల అది పాడైంది. నడుమ 1864ల అక్టోబర్‌ల కలకత్తా, నవంబర్ 1న మచిలీపట్నం తుఫానులకు బలైనయి. మచిలీపట్నంల సుమారు 30 వేల మంది పోయిండ్రు. ఆ తర్వాతనే, 1875ల, భారత వాతావరణ శాఖ పుట్టింది.

ఇక్కడ మన తెలుగు మాట గొప్పతనం కూడా చెప్పాలె. తుఫానుతోని సముద్రం పైకి లేసి ఊరు మీదికి వచ్చేదాన్ని ఇంగ్లీషుల స్టార్మ్ సర్జ్ అని రెండు మాటలతోని చెప్పాలె. తెలుగోళ్లకు ఒక్క మాట చాలు, ఉప్పెన. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనల సుమారు 10 వేల మంది పోయిండ్రు. కోస్తా ముసలోళ్లకు ఆ మాట చెప్తే చాలు. ఎవరు దేంతోని బతుకుతరో, దేంతోని సస్తరో, దానికి వాళ్ల భాషల మాట ఉంటది.

ఒక్క సంగతి పరీక్షకు గుర్తు పెట్టుకోండి. సైక్లోన్, హరికేన్, టైఫూన్ మూడూ ఒక్క రకం గాలే. హిందూ మహాసముద్రంల సైక్లోన్, అట్లాంటిక్‌ల హరికేన్, చైనా జపాన్ దిక్కు టైఫూన్. మన వాతావరణ శాఖ లెక్కల గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లు ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 ఉంటే తీవ్ర వాయుగుండం, 62 దాటితే తుఫాను, 89 దాటితే తీవ్ర తుఫాను, 118 దాటితే అతి తీవ్ర తుఫాను. పైన చెప్పిన గేల్, స్టార్మ్, హరికేన్ అంకెలు ఇవే కదా, చూసుకోండి.

మరి సముద్రం లేని మన కథలాపూర్, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు సంగతి ఏంది? తుఫాను మనదాక వచ్చే వరకు బలం తగ్గి వానగ మిగుల్తది. మనల్ని కొట్టే గాలులు వేరే. ఏప్రిల్, మే నెలలల్ల మామిడి కాయ పెరిగినప్పుడు సాయంత్రం పూట లేసే గాలిదుమారం. జగిత్యాల జిల్లాల మామిడి తోట ఉన్నోళ్లకు, కౌలుకు పట్టినోళ్లకు అది ఏం చేస్తదో చెప్పాల్సిన పని లేదు. రెండోది వడగాలి. రోహిణి కార్తెల రోళ్లు పలుగుతయి అంటరు. ఉపాధి పనికి పోయినోళ్లు, తునికాకు తెంపనీకె పోయినోళ్లు, మేకలు కాసేటోళ్లు ఆ గాలిల ఉంటరు.

మాట ఎంత బరువైందో ఇక్కడ తెలుస్తది. విపత్తు సాయం నిధి వాడనీకె కేంద్రం 2021–26 కాలానికి 12 విపత్తుల జాబితా పెట్టింది. అందుల తుఫాను ఉండె, వడగండ్ల వాన ఉండె, చలిగాలులు ఉండె. వడగాలి లేకుండె. వడగండ్లు లేకుండ వచ్చిన ఉత్త గాలిదుమారం కూడా లేకుండె. ఆ కాలంల రాష్ట్రాలు నిధిల 10 శాతం దాకా తమ సొంత విపత్తులకు వాడుకోవచ్చని ఉండె. 2025 ఏప్రిల్‌ల తెలంగాణ ప్రభుత్వం వడగాలిని రాష్ట్ర విపత్తుగ ప్రకటించి, వడదెబ్బతోని చనిపోయినోళ్ల కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం అన్నది. అంటే ఆ మాట జాబితాల ఎక్కినంక సావుకు లెక్క వచ్చింది. అంతకుముందు ఎండకు సచ్చినోళ్లు సావలేదా? సచ్చిండ్రు. మాట లేదు, అంతే.

ఇంగ్లీషుల వడగాలిని హీట్ వేవ్ అంటరు. దాంట్ల గాలి లేదు, వేడి అల మాత్రం ఉన్నది. మైదానాలల్ల ఉష్ణోగ్రత 40 డిగ్రీలు చేరి, మామూలు కంటె 4.5 డిగ్రీలు ఎక్కువైతే, లేదా 45 డిగ్రీలు చేరితే వాతావరణ శాఖ హీట్ వేవ్ అంటది. కాబట్టి మీరు దరఖాస్తు ఇంగ్లీషుల రాయాల్సి వస్తే హాట్ విండ్ అని రాయకండి, హీట్ వేవ్ అని రాయండి. వడగండ్లు పడితే హెయిల్‌స్టార్మ్ అని రాయండి, ఉత్త రెయిన్ అని రాస్తే ఒక మాటతోని సాయం పోవచ్చు. జరగనిది రాయమని నేను అంటలేను. జరిగిన దాన్ని సరైన పేరుతోని రాయాలె అంటున్న. తండాల, గూడెంల దరఖాస్తు రాసేది ఎవరు? హాస్టల్ల సదువుకొని సెలవులకు ఇంటికి వచ్చిన మనమే కదా.

ఇగ గ్రామర్ చిన్నగ చెప్పి ముగిస్త. వానకు హెవీ, గాలికి స్ట్రాంగ్. హెవీ రెయిన్, స్ట్రాంగ్ విండ్. హెవీ విండ్ అని వాడరు. గాలి వీచుడుకు బ్లో అనే క్రియ, భూతకాలం బ్లూ, మూడో రూపం బ్లోన్. గాలిగుంది అని మనం కర్త లేకుండ చెప్తం, ఇంగ్లీషుల ముందు ఒక ఉత్త ఇట్ పెట్టి ఇట్ ఈజ్ విండీ అనాలె. మామూలుగ గాలి గురించి చెప్తే ద విండ్, ఒక రకం గాలి అంటే ఎ కోల్డ్ విండ్. బ్రీజ్, గేల్, గస్ట్, స్టార్మ్ లెక్కపెట్టే మాటలు, ఒక్కటైతే ముందు ఎ రావాలె. స్టార్మ్ క్రియగ కూడా వస్తది, కోపంతోని ధుమధుమలాడుకుంట పోతే స్టార్మ్డ్ అవుట్. బ్రీజ్ కూడా వస్తది, నిమ్మలంగ, ఈజీగ దాటిపోతే బ్రీజ్డ్ త్రూ. పరీక్ష చానా ఈజీగ అయ్యింది అంటే ఇట్ వాజ్ ఎ బ్రీజ్. పొట్టల దెబ్బ తగిలి ఊపిరి ఆడకపోతే విండెడ్. సైక్లోన్‌ను మాత్రం క్రియగ వాడరు.

ఈ మాటలన్నీ చూసినంక నాకు అర్థమైంది ఇది. ఇంగ్లీషు పెద్ద భాష అయ్యింది పుట్టుకతోని కాదు. అరబ్బు వ్యాపారి మాట, తైనో ఆదివాసీ మాట, స్పెయిన్ నావికుడి మాట, ఎవరిది దొరికితే అది తీసుకొని రాసి పెట్టుకున్నది. లాగ్ పుస్తకంల ఎక్కిన గాలి మిగిలింది. ఎక్కనిది ఆ మనిషితోనే పోయింది. మన ముసలోళ్లకు ఏ గాలికి మబ్బు పోతది, ఏ గాలికి వాన దిగుతది, ఏ గాలికి మేక జబ్బు పడ్తది అన్నది తెలుసు. వాటికి లంబాడీల పేర్లు ఉన్నయి, గోండీల, కొలామీల, కోయల, నాయకపోడోళ్ల దగ్గర పేర్లు ఉన్నయి. అవి ఏ గైడ్ల లేవు.

అందుకని ఒక పని. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు తాత దగ్గరనో, అమ్మమ్మ దగ్గరనో కూసొని గాలి పేర్లు అడుగండి. పేరు, ఏ నెలల వస్తది, ఏ దిక్కు నుంచి వస్తది, అది వస్తే ఇంటోళ్లు ఏం పని చేస్తరు, ఈ నాలుగు రాయండి. తెలుగు లిపిల రాసినా సరే. మీ భాష పేరు, మండలం పేరు వేసి ఇదే పోస్టు కింద పెట్టండి. అన్నీ ఒక్క కాడ చేర్చి ఫైల్ చేసే పని నేను తీసుకుంట.